ఇంకొక్క ఏడాది



ఈ తపస్సు కాలంలో మీతో ఒక చెట్టు గురించి మాట్లాడాలనుకుంటున్నాను. చెట్టుకూ పశ్చాత్తాపానికీ సంబంధమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఓపికగా చివరిదాకా చదవండి.

పోయిన మే నెలలో జొన్నాడ వెళ్లాను. గౌతమి వంతెన ఎక్కి రావులపాలెం చేరకముందే, ఇవతలి ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. హైవే మీద పోయేవారికి జొన్నాడ అంటే బస్సు ఆగే సెంటరే గుర్తు. లోపలికి వెళితే కొబ్బరితోటలు, అరటితోటలు, మధ్యమధ్య పాత పెంకుటిళ్లు. అలాంటి ఒక ఇంట్లో మన విశ్వాసుల కుటుంబం ఒకటుంది. ఆ ఇంటి పెద్దాయన సంవత్సరీకానికి పూజ పెట్టించుకున్నారు.

పూజ అయింది. భోజనాలయ్యాయి. చేతులు కడుక్కుంటుంటే పెద్దకొడుకు దగ్గరకొచ్చి, "అమ్మకు మీరొక్క మాట చెప్పాలండి. మీరు చెబితే కాదనదు" అన్నాడు.

సంగతి ఏమిటంటే, పెరట్లో ఒక పాత మామిడిచెట్టు ఉంది. మామ్మగారి మామగారి తండ్రి నాటినదట. కొడుకు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కూతురి పెళ్లి దగ్గరపడుతోంది. ఉన్నవి మూడు గదులు. డాబా వేయాలంటే చెట్టు అడ్డం. మొదట్లో పెద్ద తొర్ర పడింది. అంతకుముందు ఏడాది గాలివానకు కొమ్మొకటి విరిగి వంటింటి పెంకుల మీద పడింది. కాపు చూస్తే, ఆవకాయకు నాలుగు జాడీలు నిండేది కాస్తా ఒక జాడీకి దిగింది.

"ముసలిదైపోయిందండి. కాపు లేదు, చోటు మాత్రం తినేస్తోంది" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు మామ్మగారు అక్కడికి నాలుగడుగుల దూరంలో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. ఆమె ఏమీ అనలేదు. నేను సెలవు తీసుకోవడానికి దగ్గరకు వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నాక్కూడా కాపు లేదు కదండీ, ఫాదర్ గారూ" అన్నారు.

నాకు జవాబు తోచలేదు. వంతెన దగ్గర బండి ఆపి చాలాసేపు నీళ్లు చూస్తూ నిలబడ్డాను. ఆనాడు చెప్పలేకపోయిన జవాబు వెతుక్కుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. సుమారు ఇరవై ఏళ్ల క్రితం, వేరొక విచారణలో ఉన్న రోజుల్లో, గుడి ఆవరణలో ఉన్న పాత చింతచెట్టును కొట్టించాను. సంఘానికి హాలు కావాలన్నారు. నేనూ అవుననుకున్నాను. తీర్మానం కింద సంతకం నాదే. రెండు రోజుల్లో చెట్టు నేలకొరిగింది, మూడో రోజు లారీ వచ్చింది. ఆ ఊరి ముసలి ఉపదేశిగారు నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి ఆదివారం మాత్రం, పూజకు ముందు ప్రతివారమూ నీడలో కూర్చునే ఆ చోటనే, ఎండలో కూర్చున్నారు. అలవాటు కొద్దీ కూర్చున్నారో, నాకు చెప్పాలని కూర్చున్నారో ఇప్పటికీ తెలియదు. హాలు లేచింది. రేకుల కప్పు కావడంతో వేసవిలో అందులో ఎవరూ నిలవలేరు. చెట్టు కింద నిలవగలిగేవారు.

కాబట్టి ఆ జొన్నాడ కుమారుణ్ణి తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఇక మన గోదావరి తీరంలోనే జరిగిన ఒక సంఘటన చూద్దాం. కొవ్వూరు మండలం కుమారదేవంలో ఏటిగట్టున ఒక నిద్రగన్నేరు చెట్టు ఉండేది. నూటయాభై ఏళ్ల నాటిదని చెప్పేవారు. దాని కింద ఎన్నో సినిమాలు తీశారు గనుక 'సినిమా చెట్టు' అనే పేరు వచ్చింది. గొడుగులా పరచుకున్న ఆ కొమ్మలను మీలో చాలామంది తెర మీద చూసే ఉంటారు. 2024 ఆగస్టు మొదటి వారంలో, గోదావరి వరదల కాలంలో, ఆ చెట్టు కూలిపోయింది.

కూలిన మర్నాటి నుంచీ జనం వచ్చారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. చాలామంది ఫొటోలు తీసుకున్నారు. సినిమా పెద్దలు తమ జ్ఞాపకాలు చెప్పుకున్నారు. పత్రికలు మనిషి పోయినట్టే రాశాయి. ఆ దుఃఖం నిజమైనదే, దాన్ని నేను వేళాకోళం చేయను. అయినా ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. చెట్టు నిలబడి ఉన్న రోజుల్లో, దాని వేళ్ల కింద మట్టి ఎలా ఉందని అడిగినవారు మనలో ఎందరు? శవపేటిక మీద పూలదండ పెట్టడానికి వచ్చే బంధువులు, మంచం పట్టిన రోజుల్లో గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వడానికి వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

అయితే కుమారదేవంలో కథ అంతటితో ముగియలేదు. ఊరివారూ, రాజమహేంద్రవరం రోటరీ వారూ పూనుకుని ఆ మొదలును బ్రతికించాలని మందులు వేయించారు. కొంతకాలానికి మొదలు చిగురు పెట్టిందని పత్రికల్లో చదివాం. యోబు భక్తుడు తన వేదనలో ఈ సంగతే తలచుకున్నాడు. నరికిన చెట్టుకైనా ఆశ ఉంటుందనీ, మొదలు నేలలో ఎండినా నీటి వాసన తగిలితే చిగురిస్తుందనీ ఆయన గ్రహించాడు (యోబు 14:7-9). కుమారదేవంలో ఏడ్చినవారిలో కొందరు పనిలోకి దిగారు. పశ్చాత్తాపమంటే అదే కదా!

మరొక చెట్టు దగ్గరికి వెళదాం. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్ల నాటిదంటారు. మూడెకరాల మేర ఊడలు దింపుకుని అడవిలా కనబడుతుంది. తరతరాలుగా జనం దాన్ని చూడడానికి వెళ్లారు. కొమ్మల మీద కూర్చున్నారు, ఊడలు పట్టుకుని ఊగారు, బెరడు మీద పేర్లు చెక్కారు. ప్రేమతోనే చేశారు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చూస్తే లోపల చెదలు పట్టి ఉంది. అధికారులు సందర్శకులను ఆపేశారు. 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైన్ పెట్టినట్టు, కొమ్మలకు మందు సీసాలు కట్టి చుక్కచుక్కగా చెదల మందు ఎక్కించారు. బరువు మోయలేని కొమ్మలకు కింద స్తంభాలు కట్టించారు. దేవుని దయవల్ల, మనుషుల శ్రమవల్ల ఆ చెట్టు నిలబడింది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన యువతులు కూడా వెళ్లి చూసి వచ్చారు.

చెట్టు ఎందుకు క్షీణిస్తుందో తెలుసుకుంటే మన ఇళ్లలోనూ గుడి ఆవరణలోనూ జరుగుతున్నది మనకే అర్థమవుతుంది. చెట్టు నీరు తాగే సన్నని వేళ్లు పాతాళంలో ఉండవు. చాలావరకు పైనున్న మూరెడు, రెండు మూరల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల నీడ దాటి కూడా పాకి ఉంటాయి. ఆ మట్టి మీద బళ్లు నిలిపితే, జనం తొక్కితొక్కి గట్టిపడితే, వేళ్లకు గాలి ఆడదు. అందంగా ఉంటుందని మొదలు చుట్టూ సిమెంటు చప్టా కడతాం. నీరు దిగదు. ఊడ్చిన చెత్త తెచ్చి మొదట్లోనే తగలబెడతాం. బోర్డులకు మేకులు కొడతాం. ఇవేవీ చెట్టును ఒక్కరోజులో చంపవు. పదేళ్లకు, పదిహేనేళ్లకు చంపుతాయి. అప్పుడు 'ముసలిదైపోయింది' అంటాం.

తొర్ర గురించి కూడా ఒక మాట. తొర్ర పడిన చెట్టు చచ్చిన చెట్టు కాదు. చెట్టులో ప్రాణమున్న భాగం బెరడు కిందనే ఉంటుంది. నడిమి చేవ అప్పటికే ప్రాణం లేని కర్ర. అది పుచ్చిపోయినా చుట్టూ ఉన్న సజీవమైన పొర నీటిని పైకి తీసుకుపోతూనే ఉంటుంది. లోపల డొల్లయినా పైకి చిగురు తొడిగే ముసలి చెట్లు లోకంలో ఎన్నో ఉన్నాయి. ముసలివారూ అటువంటివారే.

కాని అవతలి పక్షం మాట కూడా వినాలి. హైదరాబాదు నుంచి బీజాపూరు వెళ్లే రోడ్డులో, చేవెళ్ల దారిన, రెండు పక్కలా సుమారు తొమ్మిది వందల పాత మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేయాలంటే వాటిని తీసేయాలన్నారు. ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునలుకు వెళ్లారు. ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. చివరకు చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, రోడ్డు నమూనా మార్చి, కొన్నింటినే వేరేచోటికి తరలించేలా దారి దొరికింది. ఇంతలో 2025 నవంబరు 3న అదే రోడ్డులో మీర్జాగూడ దగ్గర టిప్పరు బస్సును ఢీకొని ఇరవైమంది దాకా చనిపోయారు. ఇరుకు రోడ్డు విస్తరించకపోవడంవల్లే ఈ ఘోరమని జనం ఆగ్రహించారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి చెట్టు గొప్పదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? నాకు లేదు. చెట్టుకు ప్రాణం ఉంది, మనిషికి ప్రాణంతోపాటు దేవుని పోలిక ఉంది. రెండూ ఒకటి కావు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసుగారి బోధ నేర్చుకున్నాం. ప్రాణాత్మలు మూడు విధాలు. చెట్టుది తిని, పెరిగి, తన వంటి దానిని కనేది. పశువుకు వీటితోపాటు స్పర్శజ్ఞానం, చలనం ఉన్నాయి. మనిషికి వీటన్నిటి పైన బుద్ధి, స్వేచ్ఛ ఉన్నాయి. పరీక్ష రాయడానికి అది కంఠస్థం చేశాను. దాని బరువు తెలిసింది మాత్రం చింతచెట్టు కొట్టించిన తరువాత. బుద్ధి ఉన్నవాడు మనిషొక్కడే గనుక, లెక్క చెప్పవలసినవాడూ మనిషొక్కడే. చెట్టు తన పక్షాన వాదించుకోలేదు. దాని తరఫున ఎవరైనా మాట్లాడాలి. చేవెళ్ల విషయంలో కూడా మనుషుల ప్రాణమూ చెట్ల ప్రాణమూ రెండూ దక్కే దారి వెతకడానికే బుద్ధి ఇవ్వబడింది. ఆ వెతుకులాటలో చేసే ఆలస్యానికి కూడా మనమే జవాబుదారులం.

మన ప్రభువు చెప్పిన ఒక ఉపమానంలో చెట్టు తరఫున మాట్లాడినవాడు ఒకడున్నాడు. లూకా సువార్త 13వ అధ్యాయం తెరిచి ఇంటిల్లిపాదీ చదవండి. యజమాని తోటలో అత్తిచెట్టు ఉంది. మూడేళ్లుగా కాయలేదు. కొట్టేయమన్నాడు. నేల దండగ అన్నాడు. జొన్నాడ పెరట్లో విన్న మాట అచ్చం అదే. అప్పుడు తోటమాలి ఏం చేశాడు? చెట్టు మంచిదని వాదించలేదు. యజమాని కఠినుడని నిందించలేదు. ఒక్క ఏడాది గడువు అడిగాడు. అడిగి ఊరుకోలేదు. చుట్టూ తవ్వి ఎరువు వేసే పని తన నెత్తిన వేసుకున్నాడు. అప్పటికీ కాయకపోతే కొట్టించవచ్చునని కూడా ఒప్పుకున్నాడు.

గమనించారా? గట్టిపడిన మట్టిని గుల్ల చేయడం, వేళ్లకు బలమివ్వడం. ముసలి చెట్టుకు ఈనాటి వృక్షవైద్యులు చెప్పేదీ అదే. మరొక్క సంగతి కూడా గమనించండి. చెట్టును బ్రతకనివ్వమన్నవాడే పార పట్టుకున్నాడు. ఎదుటివాడి పెరట్లో చెట్టు కొట్టవద్దని చెప్పడం తేలిక. ఆ మాటకు మన చెమట తోడైతేనే తోటమాలి అడుగుజాడల్లో నడిచినట్టు. ఆ తోటమాలిలో శ్రీసభ ఎప్పటినుంచో క్రీస్తునాథుణ్ణే చూసుకుంటూ వచ్చింది. మనమందరం ఆయన అడిగిపెట్టిన గడువులో బ్రతుకుతున్నవాళ్లమే. ఏళ్లకేళ్లు కాపు లేని నాకు ఇన్ని తపస్సు కాలాలు దొరకడం ఆయన దయ కాక మరేమిటి?

మన హైందవ సోదరులు రావిచెట్టుకు ప్రదక్షిణ చేస్తారు. మనం చేయం, మన ఆరాధన సృష్టికర్తకే. అయితే వారి భక్తివల్ల ఎన్నో పాత చెట్లు ఈ దేశంలో మిగిలాయని ఒప్పుకోవాలి. చెట్టును మొక్కని మనం, చెట్టును చేసినవానికి మొక్కే మనం, ఆయన చేతిపనిని ఇంకెంత జాగ్రత్తగా చూసుకోవాలి! ముట్టడిలో ఉన్న పట్టణం చుట్టూ పండ్లచెట్లను నరకవద్దని, యుద్ధ సమయంలో సైతం, ధర్మశాస్త్రం ఆంక్ష పెట్టింది (ద్వితీయో. 20:19). దివంగత జగద్గురువు పోప్ ఫ్రాన్సిస్ గారు 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖలో భూమిని మన అందరి ఉమ్మడి ఇల్లుగా చూడమన్నారు. ఆ ఇంట్లో పేదవాడి మొరనూ నేల మొరనూ వేరుచేసి వినలేమని నేర్పారు.

యెరూషలేములో గెత్సేమని తోటలో ఎనిమిది ముసలి ఒలీవచెట్లున్నాయి. ఫ్రాన్సిస్కను గురువులు వాటిని కాపాడుతున్నారు. 2012లో ఇటలీ శాస్త్రజ్ఞులు పరీక్షించి, మూడు చెట్ల మొదళ్లు పన్నెండవ శతాబ్దం నాటివని, అంటే తొమ్మిది వందల ఏళ్లవని తేల్చారు. మిగిలినవి మరీ డొల్లబారి ఉండడంవల్ల వయసు తేల్చలేకపోయారు. వేళ్లు మొదళ్లకంటే పాతవి కావచ్చన్నారు. ఎనిమిదీ ఒకే తల్లిచెట్టు నుంచి అంటు తీసినట్టు ఒకే పోలికలో ఉన్నాయట. అంటే ఎవరో, ఎప్పుడో, ఒక ముసలి చెట్టును పోనివ్వకూడదనుకుని దాని కొమ్మలు నాటారు. వారి పేరు మనకు తెలియదు. ఈ రోజు యాత్రికులు ఆ నీడలో మోకరించి ప్రార్థిస్తున్నారు.

ఇక మళ్లీ జొన్నాడకు వద్దాం. వారం రోజుల తరువాత తిరిగి వెళ్లాను. కుమారుణ్ణి కూర్చోబెట్టి, "చెట్టు కొట్టవద్దని నేను చెప్పను. అది నీ ఇల్లు, నీ కూతురి పెళ్లి. ఒక్క ఏడాది గడువివ్వు. ఆ ఏడాదీ చెట్టుకు చేయవలసింది నువ్వే చెయ్యి" అన్నాను. తరువాత గొంతు తగ్గించి, "అమ్మ విన్నారు" అన్నాను. అతను తలవంచుకున్నాడు. ఆ మాట తల్లికి ఎలా తగిలిందో అతనికి అప్పటిదాకా తెలియదు.

ఆ ఊరికి కడియం నర్సరీలు ఎంతో దూరం లేవు. చెట్ల సంగతి తెలిసిన ఒకాయనను తీసుకొచ్చాడు. ఆయన చెట్టు చుట్టూ తిరిగి, తట్టి చూసి, ఇంటి మీదికి వాలిన పుచ్చుకొమ్మను తీయించాడు. మొదలు చుట్టూ పాతకాలంలో పోసిన సిమెంటు పగలగొట్టించాడు. కుమారుడే వేళ్లు తెగకుండా పైపైన మట్టి గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు వేశాడు. మేస్త్రీని పిలిచి డాబా నమూనా కొంచెం జరపగలరేమో అడిగాడు. ఇంకా తేలలేదు. మామ్మగారు నులకమంచం అక్కడికే వేయించుకుని పని చూస్తూ కూర్చున్నారట. "తొంభై ఆరు తుఫానులో కొబ్బరిచెట్లన్నీ పోయినా ఇది నిలబడింది, తెలుసా?" అని మనవరాలికి చెబుతున్నారట.

మొన్న విభూది బుధవారం నాడు ఆ కుమారుడు ఫోను చేశాడు. గౌతమి వైపు కొమ్మలకు పూత వచ్చిందట. వీధి వైపు కొమ్మలకు రాలేదట. నిలుస్తుందో రాలుతుందో తెలియదు. ఉపమానంలో కూడా ఏడాది తరువాత ఏమైందో ప్రభువు చెప్పలేదు. వచ్చే మే నెల సంవత్సరీకం పూజకు నేనే వెళ్లి చూస్తాను.

ప్రియమైన కుటుంబాల్లారా, ఈ తపస్సు కాలంలో మీకు మూడు చిన్న పనులు చెబుతాను. మీ పెరట్లోనో గుడి ఆవరణలోనో ఉన్న పాత చెట్టు మొదట్లో చెత్త తగలబెట్టకండి, చుట్టూ సిమెంటు ఉంటే తీసి నేలను ఊపిరి పీల్చనివ్వండి. తప్పనిసరై కొట్టవలసి వస్తే, ముందు తెలిసినవారికి చూపించండి, 2002 నాటి 'వాల్టా' చట్టం ప్రకారం అనుమతి సంగతి కనుక్కోండి, మొక్కలు నాటి బ్రతికించండి. విచారణ సంఘాల పెద్దలారా, తీర్మానం మీద సంతకం పెట్టేముందు ఆ నీడలో కూర్చునే ముసలివారిని ఒక్క మాట అడగండి. నేను అడగలేదు.

ఇంట్లో 'కాపు లేదు' అనే మాట అనేముందు, నులకమంచం మీద ఎవరు కూర్చుని ఉన్నారో చూడండి. వారి పక్కన కాసేపు కూర్చోండి. చుట్టూ మట్టి గుల్ల చేయడం అక్కడే మొదలవుతుంది.

ప్రభువా, మా తరఫున గడువు అడిగిన తోటమాలీ, ఈ ఏడాది వృథా పోనివ్వక మా గుండెల చుట్టూ తవ్వండి. మా ఇళ్లలోని పెద్దలను, మా ఊళ్లలోని చెట్లను కాపాడే చేతులుగా మమ్మల్ని చేయండి. ఆమెన్.